మెనూ మార్చిన దొంగ

ఒక ఊరి ఆఫీసులో అందరికీ కలిపి ఒకటే కంప్యూటరు. సూపరింటెండెంటు సదాశివమూర్తి రోజూ దాని తెరమీది మెనూలోకి వెళ్ళి అక్షరాలు పెద్దవి చేసుకునేవాడు. మర్నాటికి అవి మళ్ళీ చిన్నవైపోయేవి. ఆఫీసు ఊడ్చే నూకాలమ్మే కెలుకుతోందని ఆయన అనుమానం.

"నిన్ను పనిలోంచి తీసేస్తాను!" అని అందరి ముందూ కేకలేశాడు.

"తప్పెవరిదో నేను తేలుస్తాను బాబూ. ముందు శిక్షేమిటో రాసి సంతకం పెట్టండి," అంది నూకాలమ్మ.

తప్పు చేసినవాళ్ళు వారం పాటు రెండుపూటలా ఆఫీసు ఊడవాలని ఆయన హుషారుగా రాసి సంతకం పెట్టేశాడు.

"మొన్న మీరు నాలుగు రోజులు సెలవులో ఉన్నారు," అంది నూకాలమ్మ. "అప్పుడు దాని మీద పనిచేసిన గుమాస్తాగారు పెట్టిన పెద్ద అక్షరాలు అలాగే ఉన్నాయి. నేను మాత్రం రోజూ ఊడ్చాను."

"అయితే నేనే మార్చానంటావా?"

"గుమాస్తాగారు కంప్యూటర్ని పద్ధతిగా ఆపి వెళ్ళారు. మీరు లేస్తూనే గోడమీది స్విచ్చి కట్టేస్తారు. మీరు చెప్పింది అది దాచుకునేలోపే దాని ప్రాణం పోతోంది బాబూ!"

ఆ సాయంత్రం గుమాస్తా దాన్ని పద్ధతిగా ఆపాడు. తెల్లారి చూస్తే అక్షరాలు పెద్దగానే ఉన్నాయి.

నూకాలమ్మ సదాశివమూర్తికి వినయంగా చీపురు అందించింది. "దీన్ని కూడా మధ్యలో వదిలెయ్యకండి బాబూ."