దివాన్‌గారి మెనూ

పాలవాగు సంస్థానం ఏనాటిదో ఎవరికీ తెలియదు గానీ, దానికో వెబ్‌సైటు మాత్రం ఉండేది. ఎంతటివాడైనా పైనున్న మెనూలో "ఫిర్యాదులు" నొక్కి రాసుకోవాల్సిందే. నోటిమాటను రాజుగారు చెవిన పెట్టేవారు కాదు. వచ్చే ఫిర్యాదులన్నీ దివాన్ భూపాలరాయుడి మీదే. కాలువ నీళ్లన్నీ తన తోటకు మళ్లించుకుని ఊరి చేలు ఎండగట్టాడు మరి.

వెబ్‌సైటుకు కోడ్ రాసే ఈరమ్మను దివాన్ పిలిపించాడు. "మెనూలో ఆ ఫిర్యాదులు తీసేసి నా బిరుదులు పెట్టు. లేదంటే నీకు ఈ ఊళ్లో నీళ్లు పుట్టవు."

"చిత్తం దొరా," అంది ఈరమ్మ. ఇంటికెళ్లి పంతంగా కూర్చుని కోడ్ రాసింది. దివాన్ లాగిన్ అయితే ఫిర్యాదులు పోయి బిరుదులు కనిపిస్తాయి. మిగతా జనానికి పాత మెనూయే ఉంటుంది.

దివాన్ పొద్దున్నే బిరుదులు చూసుకుని మురిసిపోయేవాడు. జనం రాస్తూనే ఉన్నారు. చివరికి రాజుగారు కాలువను ఊరికి తిప్పించారు.

దివాన్ చిందులు తొక్కుతూ వచ్చాడు. "నన్నే మోసం చేస్తావా? నీ మీద ఇప్పుడే రాజుగారికి ఫిర్యాదు చేస్తా!"

"చెయ్యండి దొరా," అంది ఈరమ్మ. "కానీ మీ మెనూలో ఆ దారి లేదు కదా. మీరే తీయించారు."