మామ అడిగిన పొగాకు

1968 మే 9, గురువారం. రాత్రి అకాల వాన కురిసి వెలిసింది. తెల్లవారేసరికి ఉక్కపోత, ఉండుండి ఒక విసురు గాలి. తాటితోపుకు నడుస్తూ లింగస్వామి తన గురువును అడిగాడు: "మామా, నాలుగు చెట్లు ఎక్కేసరికి నా రెక్కలు పడిపోతున్నయి. నువ్వు పొద్దంత ఎక్కినా ఆయాసం రాదేంది?"

కల్లుగీతలో తలపండిన బాలాగౌడ్ నడుము దగ్గర తడుముకున్నాడు. ఎవరేమడిగినా ముందు పొగాకు నలపడం ఆయన అలవాటు. ఆ అలవాటు మాన్పించబోయి ఆయన భార్య తానే నమలడం మొదలుపెట్టింది, అది వేరే కథ. ఆ రోజు ఆయన పొగాకు ఇంట్లో మరిచి వచ్చాడు. "అత్తగారిని ఎక్కు" అన్నాడు.

అత్తగారంటే చెట్టే. ఆ తోపులో ప్రతి తాటికీ ఒక పేరుంది. ఇది పైకి పోయేకొద్దీ ఒక పక్కకు ముఖం తిప్పుకుంటుంది గనుక దానికా పేరు. కిందటేడు దాని మీంచి జారినవాడు నడుము విరిగి ఇంకా మంచంలోనే ఉన్నాడు.

లింగస్వామి మోకు బిగించాడు. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు అది. వంపు దగ్గరికి చేరేసరికి గాలి లేచింది. తడి మాను మీద పాదం జర్రున జారింది. అంతే, రెండు చేతులా చెట్టును వాటేసుకున్నాడు. పైకి పోలేడు, దిగలేడు. భుజాలు మండుతున్నాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఇంట్లో ఉయ్యాలలో పడుకోబెట్టి వచ్చిన బిడ్డ కళ్లలో మెదిలింది.

"మామా, చేతులు పట్టు ఇడుస్తున్నయే!"

బాలాగౌడ్ కంగారు పడలేదు. పక్క చెట్టెక్కి, అతనికి ఎదురుగా వచ్చి ఆగాడు. మోకు మీదికి వెనక్కి ఒరిగి, నులకమంచం మీద ఉన్నంత తీరుబడిగా చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"పొగాకున్నదా అల్లుడా?"

"ఈడ నేను సస్తుంటే నీకు పొగాకు కావాల్నా?"

"సచ్చేటోనికి పొగాకెందుకు? ఇటు ఇసురు."

లింగస్వామికి ఒళ్లు మండింది. ఆ కోపంలో ఒక చెయ్యి నడుముకు ముడేసుకున్న పొగాకు పొట్లం మీదికి పోయింది. ముడి గట్టిది, ఒక్క చేతికి రాలేదు. తిట్టుకుంటూ రెండో చెయ్యీ తీశాడు. ఒళ్లు వెనక్కి వాలింది. మోకు కిర్రుమంది. కానీ అతన్ని ఆపింది. పాదాలు మానుకు తన్నిపెట్టుకున్నాయి, భుజాల్లో మంట చల్లారింది. అతను అలాగే ఒరిగి, మెల్లగా ముడి విప్పి పొట్లం విసిరాడు. అది మామ దాకా అందలేదు. గిరగిరా తిరుగుతూ నేలకు పోతుంటే ఇద్దరూ చూశారు.

"పడ్డది పొగాకే గద," అన్నాడు బాలాగౌడ్. "ఇగ గీసుకో."

చాలా ఏళ్ల తర్వాత ముసలాయన మంచం పట్టినప్పుడు ఇల్లు భార్యకు రాశాడు. కత్తులు చిన్నకొడుక్కి ఇచ్చాడు. పొగాకు తిత్తి లింగస్వామికి దక్కింది. పెద్దకొడుకు రాజేశం మాత్రం మోకే కావాలన్నాడు, తండ్రిని ఏనాడూ పడనివ్వలేదని అతను నమ్మే మోకు. బాలాగౌడ్ దాన్ని ముక్కలు కోయించి పొయ్యిలో పెట్టించాడు. రాజేశానికి ఏమీ మిగల్లేదు.

"మరి నన్ను పడకుండ ఏది ఆపుతది నాయినా?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"లింగస్వామి దగ్గరికి పో," అన్నాడు ముసలాయన. "ఇంత పొగాకు అడుగు."