దాసుడు మోసిన మేనా

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న చోట ఇది తెలిసినవాళ్లు లేరు. మా అమ్మమ్మ చెప్పినట్టే చెప్తాను. ఊరి పేరు ఆమెకు తెలియదు కాబట్టి నేనూ కల్పించను.

దొరల కాలం అది. తెలంగాణలో ఒక వాగు ఒడ్డున మల్కయ్య తాత మఠం ఉండేది. మఠమంటే రెండు గుడిసెలూ, ముందొక పందిరీ. అంతే.

ఓదెలు అనే శిష్యుడికి ఆ రోజు దీక్ష. ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. దీక్షనాడు గురువు అందరి ముందూ "నువ్వెవరు?" అని అడుగుతాడు. శిష్యుడు ఏం చెప్తే అదే అతని పేరవుతుంది. ఓదెలు మంచి పాటగాడు. "నేను నీ దాసుణ్ణి" అంటూ దేవుడి మీద ఎన్నో పాటలు కట్టాడు. జవాబు కూడా ఎప్పుడో సిద్ధం చేసుకున్నాడు: "దాసానుదాసుణ్ణి!" స్నానం చేస్తూ అదే, కట్టెలు కొడుతూ అదే.

"ఇగ ఆపు ఓదెలూ," అన్నారు తోటి శిష్యులు. "వాగుల కప్పలు సుత నేర్చుకున్నయ్ నీ జవాబు."

పందిరికి మామిడాకులు కట్టారు. బెల్లపన్నం ఉడుకుతోంది. ఓదెలు కాలు ఒకచోట నిలవడం లేదు.

అప్పుడే ఊళ్లోంచి పోశవ్వ ఆదరాబాదరాగా వచ్చింది. భర్త గట్టయ్యను భుజం పట్టి ఈడ్చుకొస్తోంది. అతనికి ఒళ్లు కాలిపోయే జ్వరం.

"నీ బాంచెన్ అయ్యా! దొరసాని పెండ్లికి పోతున్నదట. మేనా మొయ్యనీకి మనుషులను పడుతున్నరు. ఈయన పోతే మళ్ల రాడు. నీ కాల్మొక్త, దాచిపెట్టు!" అంటూ ఓదెలు కాళ్ల మీద పడింది.

మేనా అంటే పల్లకీ. ఇలాంటి చాకిరీని వెట్టి అనేవాళ్లు. దొర పిలిస్తే పోవాలి. కూలి లేదు, రానని అనడానికి లేదు. ఇక 'బాంచెన్' అంటే 'నీ బానిసను' అని. ఆ ఊళ్లో పేదవాళ్లు అవుననడానికీ అదే అనేవాళ్లు, దండం పెట్టడానికీ అదే, ప్రాణం కాపాడమనడానికీ అదే.

ఓదెలు ఆమెను లేపి చిరునవ్వు నవ్వాడు. "నువ్వు నాకు బాంచెవు ఎట్లయితవ్ అవ్వా? మనమందరం ఆ పైవాడి దాసులమే."

పోశవ్వకు ఏమీ అర్థం కాలేదు. మల్కయ్య తాత మాత్రం శిష్యుడి వైపు ఒక్కసారి చూసి, గట్టయ్యను లోపలికి తీసుకెళ్లి ధాన్యం గుమ్మి వెనక పడుకోబెట్టాడు.

ఆయన ఇలా బయటికి వచ్చాడో లేదో, దొర ఉండే కోటలాంటి గడి నుంచి, వెట్టికి మనుషులను పట్టే ఇస్తారి వచ్చిపడ్డాడు. చేతిలో కర్ర, వెనక ఇద్దరు మనుషులు.

"మేనాకు ఒక మనిషి తక్కువున్నడు. గట్టయ్యగాడు ఇటే వచ్చిండని చెప్పిన్రు. గుడిసె ఎతుకుత!" అని అరిచాడు. అడ్డంగా నిలబడ్డ ఓదెలు గుండెల మీద కర్ర ఆనించి, "ఎవడ్రా నువ్వు?" అన్నాడు.

పొద్దుటి నుంచీ నాలుక చివర కూర్చున్న మాట ఒక్క దూకు దూకింది.

"దాసానుదాసుణ్ణి!"

ఇస్తారి ఒక్క క్షణం బిత్తరపోయి, పకపకా నవ్వాడు. "వారీ! అడిగినంక చెప్పెటోళ్లనే చూసిన గని, ఇట్ల ఎగిరి చెప్పెటోన్ని చూడలే. దాసుడివే గద, నడువ్. నాకు భుజం గావాలె, అది ఎవనిదైతేంది?"

శిష్యులెవరూ నవ్వలేదు. ఓదెలు గురువు వైపు తిరిగాడు. "స్వామీ, నేను అన్నది ఆ అర్థంలో కాదు..."

గుమ్మి వెనక గట్టయ్య దగ్గు ఆపుకుంటున్న చప్పుడు ఓదెలుకు వినబడింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఇస్తారికీ వినబడుతుంది.

 మల్కయ్య తాత తన భుజం మీది గొంగడి తీసి, నాలుగు మడతలు పెట్టి, శిష్యుడి భుజం మీద వేశాడు. మేనా కర్ర ఒరుసుకునేది సరిగ్గా అక్కడే.

ఓదెలు ఇస్తారి వెంట నడిచాడు.

ఎర్రటి ఎండ. మేనా లేచింది. బోయీలు "ఓహోం, ఓహోం" అంటూ పరుగందుకున్నారు. ఆ అడుగు ఓదెలుకు పడలేదు. తప్పినప్పుడల్లా కర్ర భుజంలో దిగింది. గొంగడి తడిసిపోయింది. గొంతు పిడచకట్టుకుపోయింది. దారిలో ఒక కుంట కనబడింది.

"ఒక్క నిమిషం ఆపండి, నీళ్లు తాగాలి," అన్నాడు.

ఇస్తారికి ఆ మాట వినబడనే లేదు.

"అట్లంటె ఆపడు తమ్మీ," అన్నాడు ముందున్న బోయీ, వెనక్కి తిరగకుండానే. "బాంచెన్ అను."

అన్ని పాటలు కట్టిన నోరు. ఆ ఒక్క మాట రాలేదు. కుంట దగ్గరపడింది. పక్కకొచ్చింది. దాటిపోబోతోంది.

"బాంచెన్ దొరా!"

మేనా ఆగింది. నీళ్లు గొంతు దిగాయి. మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా ఓదెలు తిరిగొచ్చాడు. "వచ్చిండు! వచ్చిండు!" అంటూ శిష్యులు ఎదురు పరుగెత్తారు. ఎవరూ అన్నం ముట్టలేదు. మల్కయ్య తాత పందిరి కింద అలాగే కూర్చుని ఉన్నాడు. ఓదెలును ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు.

"నువ్వెవరు?"

ఓదెలు నోరు తెరిచాడు. "దాసా..." దగ్గరే ఆగిపోయాడు. అంతే. తల వంచుకున్నాడు.

పోశవ్వ ముంత పట్టుకుని వచ్చింది. "బాంచెన్, నీళ్లు తాగు అయ్యా."

నిప్పు తొక్కినట్టు లేచాడు ఓదెలు. "వద్దవ్వా! ఆ మాట అనకు. నాతోటి అనకు."

"మరేమనాలె బాంచెన్?"

"ఓదెలు. మా అమ్మ పెట్టిన పేరు. ఓదెలు అను."

పోశవ్వ గురువు వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓ..." అని ఆగింది. సిగ్గుతో నవ్వొచ్చింది. మళ్లీ "ఓదె..." అంది. శిష్యులంతా ఊపిరి బిగబట్టారు.

"ఓదెలూ, నీళ్లు తాగు కొడుకా!"

పందిరి ఎగిరిపోయేలా అరిచారందరూ. లోపలి నుంచి గట్టయ్య కూడా, జ్వరం గొంతుతోనే, "ఓ ఓదెలూ!" అని పిలిచాడు.

మల్కయ్య తాత లేచాడు.

"పేరు పడ్డది. పోశవ్వ పెట్టింది. ఇగ అన్నం వడ్డించుర్రి."

పిల్లలూ, ఈ కథ మీ దగ్గర ఆగిపోతుందేమోనని నా భయం. ఒక్కరికైనా చెప్పండి. తెలుగులో రాకపోతే మీకు వచ్చిన భాషలోనే చెప్పండి. బాంచెన్ అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. దాన్ని మెత్తగా మార్చి చెప్పకండి.