పిప్పిగుట్ట ధవళాంబ సెలవు నోము

అక్షతలు చేతబట్టి, తడిబట్టతో ముక్కును నోటిని తుడుచుకొని, ధవళాంబను మనసున తలచి ఈ కథ వినుడు. మధ్యలో ఎవరును లేవరాదు.

పూర్వము దాల్భ్య ముని మాండవ్య మహర్షిని సమీపించి, కలియుగమున మానవులు భూమిని తవ్వి కావలసినది తీసుకొని పిప్పిని పారవేయుదురనియు, పిదప ఆ పిప్పిలోనే సిరి యున్నదని విని మరల దానిమీద ఎగబడుదురనియు, అట్టి సిరి నిలుచుటకు ఏ వ్రతము చేయవలెననియు అడిగెను. మాండవ్యుడు గాలి వీచు దిక్కు చూచి, ఆ కథ చెప్పుటకు తనకే భయముగా నున్నదని, అయినను అడిగితివి గనుక వినుమని ఇట్లు చెప్పసాగెను.

కడప సీమలో నారగొండపురమను ఊరు గలదు. అచట పూర్వము రాతినార గని యుండెను. రాతినుండి నార తీసి ఇంటి కప్పు రేకులలో వేయుదురు. మిగిలిన తెల్లని పిప్పి ఊరి పక్కనే గుట్టగా పెరిగెను. ప్రతి ఉదయము మేస్త్రి గేటు వద్ద పేరు పేరున పిలువగా కూలీలు లోపలికి పోయెడివారు; సాయంకాలము అతడు సెలవనగా ఇండ్లకు వచ్చెడివారు. ఆ ధూళి పీల్చి చాలమంది ఊపిరాడక చచ్చిరి. యజమానులు ఒకనాడు గేటుకు తాళమువేసి వెళ్ళిపోయిరి. ఆనాడు సెలవు చెప్పినవాడు లేడు.

కొంతకాలమునకు గురవయ్య శెట్టి అను వర్తకునికి ఒక ఇంజనీరు ఆ పిప్పిలో మెగ్నీషియమను లోహమున్నదని, అది అల్యూమినియముకన్న తేలికయనియు, కార్లకు విమానములకు దానిని వాడుదురనియు, ముడిసరుకు ఉచితమనియు చెప్పెను. ఉచితమను మాట చెవిన పడగానే శెట్టికి అన్నము సహించలేదు. పెండ్లి విందులలో సైతము విస్తరి ముందు కూర్చుండి లాభముల సంగతియే చెప్పెను. బావమరది నాగభూషణమును భాగస్వామిగా చేర్చి, భార్య సుభద్రమ్మ నగలు తాకట్టుపెట్టి కొలిమి కట్టించెను.

గని కూలీల భార్యలు ప్రతి శుక్రవారము ఆ గుట్టపై నీళ్ళు చల్లెడివారు. వారు వచ్చి, తడపక తవ్వవలదని, ముందుగా లోపలివారికి సెలవిమ్మని వేడుకొనిరి. తడిపినచో ఆరబెట్టుటకు బొగ్గు దండుగయని, గుట్టలో ఎవరున్నారని శెట్టి నవ్వెను. నవ్వినవాడు ఒంటరిగా ఒకసారైనను అచట నిలిచి చూచియుండిన బాగుండెడిది!

పొడిగానే తవ్వించెను. కొలిమిలో కరగించి పోసిన లోహపు దిమ్మెలు వెండివలె మెరిసెను. కాని కొనవచ్చినవాడు సుత్తితో కొట్టి చూడగా అది మోగలేదు, దగ్గెను. రెండవ దిమ్మెయు దగ్గెను. పిమ్మట ఎవరును కొట్టకయే గోదాములోనివన్నియు దగ్గసాగెను. కొనవచ్చినవారు చెప్పులు వదలి పారిపోయిరి.

శెట్టి పట్టు విడువక మరల కొలిమి రాజేసెను. కరిగిన లోహమునకు మంట అంటుకొనగా, ఇండ్లు కాలినప్పుడు చేయునట్లే అందరును బిందెలతో నీళ్ళు పోసిరి. నీరు పడగానే మంట కన్నులు చెదరునంత తెల్లగా లేచి కప్పును ఎగురగొట్టెను. ఆ తెలుపులో పక్కవాని ముఖము కనబడలేదు. చచ్చిన కూలీల ముఖములు కనబడెను.

మరునాడు మిట్టమధ్యాహ్నము గుట్టనుండి హాజరు పిలుపు వినవచ్చెను. చచ్చిన కూలీల పేర్లన్నియు పిలిచి ఆ గొంతు చివరన "గురవయ్యా" అనెను. శెట్టి తినుచున్న అన్నము వదలి, "వస్తాండా" అని గంప ఎత్తుకొని నడచెను. దినదినము ఇట్లే జరిగెను. తలుపులు మూసినను అవి తెరచుకొనెను. తెల్లని ధూళితో ఇల్లు చేరునప్పటికి అతనికి మునుపటికన్న ఊపిరి తగ్గుచుండెను. సుభద్రమ్మ గుట్టవద్దకు పోయి ఏడ్చెను.

అచట తెల్లచీర కట్టిన ముసలమ్మ ఒకతె కడవతో నీళ్ళు చల్లుచుండెను. ఆమెయే ధవళాంబ.

"గని మూసినారని వాళ్ళకు ఎవురూ చెప్పల్యా తల్లీ. ఇంగా పనిలోనే ఉండారు. మీ ఆయప్ప వాళ్ళను కదిలించినాడు, వాళ్ళు ఆయప్పను పనిలో పెట్టుకున్యారు. గుట్టను తడుపు. పేరు పేరునా పిల్చి సెలవియ్యి. కాలే లోహం మీద నీళ్ళు గాదు, పొడి ఉప్పు చల్లండి."

సుభద్రమ్మ ఇంటింటికి తిరిగి, కూలీల భార్యలనడిగి చచ్చినవారి పేర్లు తెలిసికొనెను. శుక్రవారము తలస్నానము చేసి, గుట్టను తడిపి, పొడి ఉప్పు నైవేద్యము పెట్టి ఒక్కొక్కరిని పిలిచి సెలవిచ్చెను. ప్రతి పేరునకు గుట్టలో ఒక నిట్టూర్పు వినబడి, మట్టి కొంచెము క్రుంగెను. అప్పుడే శెట్టి గంపతో వచ్చి పిప్పిలోనికి దిగసాగెను. ఆమె పెండ్లియైనది మొదలు భర్త పేరు పలికి ఎరుగదు. అందుచేత, మా ఇంటాయనకును సెలవని చెప్పెను. అతడు ఆగలేదు. ఇంటాయన లేని ఇల్లు ఏది? ఆ పిలుపు ఎవరికి చేరును? రొమ్ముదాక మునిగెను. అప్పుడామె సిగ్గు విడిచి గొంతెత్తెను.

"గురవయ్యా! నీకీడ పని ల్యా. ఇంటికి రా."

గంప జారిపడెను. శెట్టి వెనుదిరిగి పసిబిడ్డవలె ఏడ్చుచు ఆమె చేయి పట్టుకొనెను. పిదప తడిపి తవ్విరి, ఉప్పు దగ్గరుంచి కరగించిరి. దిమ్మెలు గంటలవలె మోగెను. నగలు తిరిగివచ్చెను, కూలీల భార్యలకు భాగము ముట్టెను.

నాగభూషణము మాత్రము వేరొక ఊరి పిప్పిని కొని కొలిమి పెట్టెను. నోము చేసిరి, తడిపిరి, ఉప్పును పెట్టిరి. అతనికి పిలుపు వచ్చిననాడు భార్య నలుగురిలో పేరు చెప్పుటకు సిగ్గుపడి తల వంచుకొనెను. ఆ కొలిమి నేటికిని చల్లారియే యున్నది. ఆమె నేటికిని రెండు కంచములు పెట్టుచున్నది.

కావున దాల్భ్యా, ఒకరు పారవేసినదానిలో సిరి వెదకువారు, బూడిదలో, కొలిమి వదలిన చిట్టెములో పెట్టుబడి పెట్టువారు, వాటాలు కొనువారు, కొనిపించువారు ఈ నోము చేయవలెను. చేసినవారి కొలిమి చల్లారదు, కప్పు ఎగురదు, ఇంట ఊపిరికి కొదువ యుండదు. చచ్చినవారి పేర్లు చెప్పువారు దొరకని చోట రూపాయియైనను పెట్టరాదు. అని మాండవ్యుడు చెప్పెను.

ఇక అక్షతలు వేయుటకు ముందు, ఇచట కూర్చున్న ఇల్లాండ్రు తమ భర్తల పేర్లు గొంతెత్తి చెప్పవలెను. సిగ్గుపడి ఊరకుండవలదు. మీరు పిలువని యెడల, పిలుచువారు వేరే ఉన్నారు.