తడి అడుగుల రుచి

సముద్రంలో మునిగిపోయినవాడు తిరిగొస్తే, వాడి తడి అడుగు ఎలా ఉంటుందర్రా? ఆలోచిస్తూ వినండి.

పూర్వం ఒక రేవులో యాత్రికుల సత్రం ఉండేది. పొగమంచు కమ్మిన ప్రతి తెల్లవారుజామునా సత్రం వంటమనిషి పోలమ్మ వండిన చేపల పులుసు మాయమై, గుమ్మం బండ మీద తడి అడుగులు కనబడేవి. యాత్రికులు హడలిపోయారు.

"మునిగిపోయిన నీ మొగుడే వస్తున్నాడే! ఇవాళే సత్రం వదిలిపో," అన్నాడు చేప వాసనకే ముక్కు మూసుకునే సత్రం అధికారి భద్రయ్య.

 పోలమ్మ వంగి ఆ అడుగుల తడిని తాకి, వేలు నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు లేదేంటి బాబూ? సముద్రంలోంచి వచ్చినోడి అడుగు చప్పగా ఉంటదా? ఈ రేవులో మంచినీళ్ళ బావి మీరు తాళమేసుకున్న పెరట్లోనే కదా ఉంది!"

యాత్రికులు పెరటి తలుపు తీయించారు. లోపల చేపముళ్ళ గుట్ట! తట్టాబుట్టా సర్దుకున్నది భద్రయ్యే.

పోలమ్మ మాత్రం ఆ సాయంత్రం నుంచి గుమ్మంలో ఒక విస్తరి వేసి, పులుసు వడ్డించి, అలల వైపు చూస్తూ కూర్చునేది.

ఎవరికోసమని నన్నడక్కండి. రొయ్యలు ఇంకా సగం ఒలవాలి, నే పోతున్నా.