చాలన్న తర్వాత వేసిన బూరెలు

మల్లెకొండను ఏలే ఉద్దండరాయలుగారికి శత్రువుల బెడద లేదు, పంటల చింత లేదు. ఆయనకొచ్చిన చిక్కల్లా ఒక్క ప్రశ్నతో వచ్చింది. ఓ ఉదయం ఉయ్యాల మీద కూర్చుని రాణి అలివేలమ్మ అడిగింది.

"నేనంటే మీకెంత ప్రేమ?"

"చాలా," అన్నాడు రాజు.

"చాలా అంటే?"

"బోలెడు."

"బోలెడంటే ఎంతండీ?"

రాజు చటుక్కున లేచాడు. తిన్నగా కొలువుకు వెళ్ళి, "ప్రేమను కొలిచే సాధనం కావాలి. వారంలోగా నా ముందుండాలి!" అని ఆజ్ఞ వేశాడు.

వారం తిరిగేసరికి ఆస్థాన పండితుడు త్రిలోచనశాస్త్రి ఒకటి తయారుచేసి పట్టుకొచ్చాడు. శాస్త్రిగారికి రాని విద్య లేదు. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని ఆయనే రోజూ గుర్తు చేస్తుంటాడు. సాధనమంటే మరేమీ కాదు, పట్టుదారానికి వేలాడదీసిన ఒక నెమలీక, దాని వెనక గీతలు గీసిన చెక్క. ఎదురుగా నిలబడి మనసైనవారి పేరు చెప్పి నిట్టూర్చాలి. ఈక ఎన్ని గీతలు దాటితే అంత ప్రేమ.

ముందు రాణిగారి వంతు. ఆవిడకు ఆ వేళ పడిశం. "ఉద్దండ..." అనబోయి హాచ్చిమని తుమ్మింది. ఈక ముప్ఫై గీతలూ దాటి, దారం తెంపుకొని వెళ్ళి సేనాపతి తలపాగాలో దిగబడింది.

"ముప్ఫై! ఆహా, ఏమి ప్రేమ!" అని శాస్త్రి పొంగిపోయాడు.

ఈకను మళ్ళీ కట్టారు. ఈసారి రాజు. అంతకుముందే ఆయన అల్లప్పచ్చడితో పద్నాలుగు పెసరట్లు లాగించి వచ్చాడు. ఊపిరి తీసుకుందామంటే లోపల చోటు లేదు. "అలివేలూ..." అని ఎలాగో ఊదాడు. ఈక రెండు గీతలు కదిలి ఆగిపోయింది.

రాణి మొహం కందగడ్డయింది.

"రెండా! పన్నెండేళ్ళ కాపురానికి రెండు గీతలా! రేపు మధ్యాహ్నం నేను పుట్టింటికి పోతున్నా. పల్లకీ సిద్ధం చేయించండి!" అని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

"మీ ఈక తప్పు చెప్పింది శాస్త్రిగారూ!" అని రాజు అరిచాడు.

"నా సాధనం తప్పు చెప్పదు ప్రభూ. తప్పంతా ఆ పెసరట్లు వడ్డించినవాడిది," అంటూ శాస్త్రి గుమ్మం దగ్గరున్న గవరయ్య వైపు వేలు చూపించాడు.

గవరయ్య భోజనశాలలో వడ్డనలకు పెద్ద. ఇరవై ఏళ్ళుగా గరిటె పట్టిన మనిషి. అడిగినవాడికి అడిగినంత వెయ్యడం తప్ప ఏ పాపం ఎరగడు.

"ఒరే గవరయ్యా, రేపు పల్లకీ కోటగుమ్మం దాటిందా, నువ్వూ నీ గరిటె పట్టుకుని దాని వెనకే దాటాలి!" అన్నాడు రాజు.

గవరయ్యకు ఈ వయసులో గరిటె పోతే ఇంకే పని చేతనవును? కానీ ఆ దంపతులు కలిసి తినే భోజనాలన్నీ పన్నెండేళ్ళుగా చూస్తున్నవాడు. చప్పున ఒకటి తట్టింది.

"చిత్తం ప్రభూ. కాకపోతే అమ్మగారు భోంచెయ్యకుండా ప్రయాణం కట్టడం బాగుండదు. రేపు పూర్ణం బూరెలు చేయిస్తాను. తమరే స్వయంగా వడ్డించండి. శాస్త్రిగారు కూడా పంక్తిలో కూర్చుంటే నిండుగా ఉంటుంది."

బూరెల మాట వినగానే శాస్త్రి తల ఊపాడు. మర్నాడు పొద్దుటి ఫలహారం కూడా మానేశాడు.

మధ్యాహ్నం విస్తళ్ళు పరిచారు. గవరయ్య రెండు ఇత్తడి గిన్నెలు, గుప్పెడు చింతగింజలు పెట్టుకుని ఓ మూల నిలబడ్డాడు.

రాజు ముందుగా శాస్త్రి విస్తట్లో రెండు బూరెలు వేశాడు. శాస్త్రికి ప్రాణం లేచొచ్చింది. కానీ అంతటి పండితుడు ఇంకా కావాలని ఎలా అంటాడు? మర్యాద కోసం చెయ్యి అడ్డం పెట్టి, "చాలు చాలు" అన్నాడు.

"సరే," అని రాజు ముందుకు సాగిపోయాడు. శాస్త్రి చెయ్యి ఆకు మీద అలాగే ఉండిపోయింది.

రాణికీ రెండు వేశాడు. ఆవిడ మొహం తిప్పుకుని, "చాలు" అంది.

"దారిలో ఆకలేస్తుంది," అని ఇంకోటి వేశాడు. మూలనున్న గిన్నెలో టక్కున ఒక గింజ పడింది.

"చాలన్నానా!"

"మీ పుట్టింట్లో యాలకులు సరిగా వెయ్యరు." ఇంకో బూరె. టక్.

"అయ్యో, వద్దంటుంటే!"

"వేడిగా ఉంది, ఈ ఒక్కటీ తిను." టక్.

రాణి రెండు చేతులూ విస్తరి మీద కప్పింది. రాజు మోచేతి కిందనుంచి దూర్చాడు. బూరెకు చిల్లుపెట్టి నెయ్యి పోశాడు. నెయ్యి ఆకు దాటి పీట కిందికి పారింది. పదకొండో గింజ పడేసరికి రాణి లేచి నిలబడింది.

"ఏమిటండీ ఈ బలవంతం! గవరయ్యా, ఆ టకటకలేమిటి?"

"కొలతండి అమ్మగారూ."

"దేని కొలత?" అన్నాడు రాజు.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"చాలనేదాకా వేసింది ఆకలికి ప్రభూ. చాలన్నాక వేసిందే ప్రేమ."

రాణి గిన్నెలోకి చూసింది. విస్తరి వైపు చూసింది. నేతిగరిటె పట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇవన్నీ నేనే వేశానా?" అన్నాడు రాజు, నిజంగానే ఆశ్చర్యపోయి.

"మరి నా కొలత ఎంత?" అని శాస్త్రి ఆత్రంగా మెడ సాచాడు.

గవరయ్య రెండో గిన్నె వంచి చూపించాడు. అందులో ఏమీ లేదు.

"తమరు చాలన్నారు, ప్రభువులు ఆగిపోయారు."

భోజనశాలంతా పగలబడి నవ్వింది. "ప్రభూ, నాకసలు చాల్లేదు!" అని శాస్త్రి గోలపెట్టాడు.

"పల్లకీ వద్దు," అంది రాణి కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్ని బూరెలు తిని ఎక్కితే బోయీలు మొయ్యలేరు. మీరు కూర్చోండి, ఇక నా వంతు."

రాజు కూర్చోబోతూ మెడలోని ముత్యాలదండ తీసి గవరయ్య మెడలో వేశాడు.

"చాలు ప్రభూ," అన్నాడు గవరయ్య వినయంగా.

రాజు ఇంకో దండ తీసి వేశాడు.

"చాలు ప్రభూ!" అన్నాడు గవరయ్య ఈసారి కోటగుమ్మం దాకా వినిపించేలా.