కదలని గీత

ఆత్మకూరులో పీరా ఉస్తాద్ షెడ్డుకు సుంకన్న కారు మూడోసారి వచ్చింది. నల్లమల ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను గలగలమంటోందని అతని గోడు. గూడేల నుంచి రోగుల్ని ఆస్పత్రికి చేర్చే కారు అది. ఘాటు మీద ఆగిపోతే లోపలున్న మనిషి ప్రాణానికి ఎవరూ పూచీ పడలేరు.

ఓబులేసు పన్నెండేళ్లుగా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. పనిమంతుడే. తన చేతి మీద తనకు నమ్మకం మరీ ఎక్కువ.

"శబ్దం ఇంజన్లో లేదు, నీ చెవుల్లో ఉండాది" అన్నాడు సుంకన్నతో. సుంకన్న వెళ్లి బయట బల్ల మీద కూర్చున్నాడు.

ఓబులేసు ఉస్తాద్ దగ్గరికొచ్చాడు. "మూడుసార్లు చూసినా ఉస్తాద్. నిప్పురవ్వ పడే టైమింగు లెక్కకు సరిగ్గా ఉండాది. ఆ మనిషిని ఇంకో షెడ్డుకు పొమ్మని చెప్పండి."

ఉస్తాద్ కోప్పడలేదు. "ఇంజను స్టార్ట్ చెయ్. టైమింగ్ లైటు పట్టుకో" అన్నాడు.

పాతకాలం కారే అయినా, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో అందులో కంప్యూటరే నిర్ణయిస్తుంది. లైటు వెలుగులో, తిరుగుతున్న పుల్లీ మీద ఆ వేళను చూపే గీత ఒక్కచోట నిలబడినట్టు కనిపించింది.

ఉస్తాద్ చిన్న సుత్తితో ఇంజను దిమ్మె మీద టకటకా కొట్టాడు.

"గీత కదిలిందా?"

"లేదు ఉస్తాద్. నేను చెప్పినట్టే, ఉండాల్సిన చోటే ఉండాది." ఆ మాటలో గర్వం దాగలేదు.

ఉస్తాద్ వంగి ఇంజను వెనక వైపు చెయ్యి పోనిచ్చాడు. అక్కడో చిన్న సెన్సరు ఉంటుంది. లోపల పెట్రోలు వేళ తప్పి మండితే దిమ్మె గలగలమని అదురుతుంది. ఆ అదురును కంప్యూటర్‌కు చేరవేయడమే దాని పని. అది అందితే కంప్యూటర్ నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేసి అదురు ఆపుతుంది. దాని తీగ ఊడి వేలాడుతోంది. ఉస్తాద్ దాన్ని బిగించి మళ్లీ కొట్టాడు, ఈసారి ఇంకా మెల్లగా.

గీత వెనక్కి జరిగింది. దెబ్బలు ఆగాక నెమ్మదిగా మళ్లీ తన చోటికి వచ్చింది.

ఓబులేసు ముఖం వాడిపోయింది. "తీగ చూసుకోలేదు ఉస్తాద్. కానీ లెక్క సరిగ్గానే ఉండింది కదా."

"ఉండింది" అన్నాడు ఉస్తాద్, సుత్తి కింద పెడుతూ. "తీగ ఊడి ఏమీ వినపడకున్నా, ఆ కంప్యూటర్‌కు కూడా లెక్క సరిగ్గానే ఉండింది ఓబులేసూ."

అంతే అని, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఓబులేసు లైటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. మూడుసార్లూ కారును షెడ్డులోనే చూశాడు. ఒక్కసారైనా ఘాటు ఎక్కించి చూడలేదు.

కాసేపటికి లైటు పక్కన పెట్టి బయటికొచ్చాడు. సుంకన్న ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఘాటు దాకా పోదాం పా. తీగ బిగించినాక కూడా శబ్దం వస్తే, యాడ వస్తాదో నువ్వు చెప్పు."

సుంకన్న అతన్ని ఎగాదిగా చూసి, లేచి వెళ్లి బండి తీశాడు. ఘాటు ఎక్కి దిగేదాకా ఓబులేసు ఇంజను వైపు ఒక చెవి, సుంకన్న మాట వైపు ఒక చెవి పెట్టి కూర్చున్నాడు.